చూపు ఖర్చు

నమోదు 1

ఇది తెలుగులోనే రాస్తున్నాను. తోటి రీడర్లెవరైనా తీసి చూసినా, ఇంగ్లీష్ మీడియం ఈషిత తెలుగులో ఇంత రాస్తుందని అనుకోరు. గొంతుతో చెప్పుకునే ధైర్యం లేదు. మా వీధిలో గోడలు పల్చన, చెవులు పదును. అమ్మైతే నేను మెట్లెక్కే చప్పుడుని బట్టే ఆఫీసులో తిట్లు తిన్నానో లేదో చెప్పేస్తుంది. కాగితం మీద రాసింది మాత్రం పెద్దవాళ్ళెవరికీ వినపడదు.

రాయడానికి కూడా చూపే ఖర్చు. తెలుసు. కానీ ఒక్కచోటైనా నిజం చెప్పకపోతే పిచ్చెక్కేలా ఉంది.

నిజం ఏమిటంటే నా కళ్ళకి పొర మొదలైంది.

పొర అందరికీ వచ్చేదే. అమ్మకి ముప్పై ఎనిమిదో ఏట వచ్చింది. ఎండ తగ్గాలని పైన ఆకాశంలో చల్లిన పొడి ఇంకా దిగుతూనే ఉంది, దిగినంత కాలం వస్తూనే ఉంటుంది. వీధంతా తాళ్ళు కట్టుకున్నాం, మలుపు మలుపుకీ గంటలు పెట్టుకున్నాం, పెద్దవాళ్ళు హాయిగా తిరుగుతున్నారు. దానికి కాదు నా భయం. నాకు పదహారే.

ఇవాళ పొద్దున్న దీపం కింద పాత పంచాయతీ తీర్మానం చదువుతున్నాను. ఎడమ కంటి వైపు నుంచి పాలు ఒలికినట్టయింది. లైను సగంలో ఆగిపోయాను.

"ఏటే, ఆగిపోయావు?" అని కూర్మావతి మేడమ్ అడిగారు. ఆవిడే మా రీడింగ్ గదికి పెద్ద. పొర వచ్చి చాలా ఏళ్ళయింది. చేతిలో ఎప్పుడూ వేయించిన శనగలుంటాయి. ఎవరి చదువు ఆగితే వాళ్ళ మీద ఒకటి విసురుతారు. గురి తప్పదు.

"ఒత్తు ఉందండీ మేడమ్."

"ఒత్తే కదా, పాము కాదు కదా! మీ కాన్వెంటోళ్ళకి దీర్ఘం చూస్తే దడ, ఒత్తు చూస్తే జ్వరం." శనగ వచ్చి నా నుదుటికి తగిలింది.

గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ ఒత్తు నాకు తెలుసు. కనపడలేదు, అంతే.

కొత్త కాగితాలన్నీ పుడుతూనే మాట్లాడతాయి. పాత సర్కారు కాగితాలే మూగవి. ఆఫీసులో ఉన్న మాట్లాడే పెట్టెకి చూపిస్తే అది చదువుతుంది కానీ, చెరిగిన చోట ఆగదు. ఏదో ఒకటి సొంతంగా అల్లేస్తుంది. ఎప్పుడో అలా అల్లిన మందు మోతాదు విని వేసుకుని మనుషులు పోయారట. అందుకే పాత కాగితం ఏదైనా మనిషి కన్ను చూసి, మనిషి గొంతు చదివి పెట్టెలోకి ఎక్కించాలి. చెరిగిన అక్షరాల్ని పట్టేంత పదునైన కళ్ళుండేది పిల్లలకే. దీపం కింద సన్న అక్షరాలు చదివితే అవీ అరుగుతాయి. ఆ అరుగుదలనే ఆఫీసులో 'చూపు' అని లెక్క వేస్తారు.

ఎవరి వేగం పడిపోతే వాళ్ళకి పొర వచ్చినట్టని పెట్టె కనిపెడుతుంది. నా సంగతి మాత్రం దానికి తెలీదు. ఇంగ్లీష్ మీడియం కాబట్టి మొదటి రోజు నుంచీ నత్తనే.

పొర మొదలైందని చెప్తే ఆ రోజే దీపం ఆర్పి ఇంటికి పంపేస్తారు. చదవడం మానేస్తే పొర అక్కడే ఏళ్ళ తరబడి ఆగిపోతుంది. రేపు చెప్పేస్తాను.

నమోదు 2

చెప్పలేదు.

మేడమ్ గది బయట చెప్పడానికి నిలబడ్డాను. లోపల తవిటినాయుడు గారున్నారు. ఆయన అంచనాల ఆఫీసర్. ఏ పాత కాగితాన్ని వినిపించాలో, ఏది మూసెయ్యాలో తేల్చేది ఆయనే. ఫలానా కాగితం కావాలని జనం అడిగితే, దాన్ని చదవడానికి ఎంత చూపు అరుగుతుందో లెక్క కట్టి, 'మోయదగ్గ భారం' అనో 'మోయలేని భారం' అనో చెప్తారు. ఎక్కువ సార్లు రెండోదే.

"రోజూ కాదు, కుదరదు అని చెప్పి చెప్పి నా గొంతరిగిపోయింది కూర్మావతీ" అంటున్నారు. "ఒక్కదానికైనా సరే అనాలి కదా. పొర మొదలైన పిల్లల్ని ఇంటికి పంపేస్తున్నాం. వాళ్ళ దగ్గర ఇంకా బోలెడు చూపు మిగిలుంటుంది. ఎలాగూ పోయేదే. దాని ఖర్చు సున్నా అని రాసుకుంటే ఎన్ని కాగితాల కట్టలు తెరవొచ్చో తెలుసా?"

"ఎలాగూ పోతుందని ముందే పీకేస్తామా సార్?"

"పీకడం కాదు. వాడడం."

"ఇంటికెళ్తే ఇరవై ఏళ్ళుంటుంది సార్ ఆ చూపు."

"ఇరవై ఏళ్ళు ఇంట్లో ఏం చూస్తారు? అదే ఇక్కడైతే ఒక ఊరికి పనికొస్తుంది. నాకేం సరదానా? నాకూ పొర వచ్చి, మా పెద్దాడి ముఖం చూసి పన్నెండేళ్ళయింది."

మేడమ్ చేతిలో శనగలు గలగలమన్నాయి. 

నేను తాడు పట్టుకుని వెనక్కొచ్చేశాను.

నమోదు 5

సున్నా రూలు వచ్చేసింది. మొదటి సున్నా కిన్నెర.

కిన్నెర నా పక్క దీపం. మా గదిలో అందరికంటే వేగంగా చదివేది. అంత వేగం కాబట్టే కాస్త పడగానే పెట్టె పట్టేసింది. ఇంగ్లీష్ చదివేది నేనూ తనూ ఇద్దరమే. మా బ్యాచ్‌తోనే ఇంగ్లీష్ బడి మూసేశారు, తర్వాత పిల్లలకి ఏబీసీడీలు కూడా నేర్పలేదు.

తనని వెనక గదికి మార్చారు. అక్కడ పూటల్లేవు, వంతుల్లేవు. పెద్ద దీపం. పొద్దున్న నుంచి సాయంత్రం దాకా చదవడమే.

మధ్యాహ్నం అన్నాలప్పుడు వచ్చి కూర్చుంది. గోడకి చెయ్యానించి వచ్చింది.

"ఎలా ఉంది?" అన్నాను.

"వెలుతురు బావుంది" అంది. కంచం దగ్గరికి లాక్కుని, "పప్పులో ఏం వేశారివాళ?" అని అడిగింది.

పప్పు తన ఎదురుగానే ఉంది. అందులో తోటకూర పచ్చగా కనపడుతూనే ఉంది, నాక్కూడా.

"తోటకూర" అని చెప్పాను.

నాకూ పొర మొదలైందని తనకి చెప్పలేదు. తనకి చెప్తే ఎవరికో చెప్తుందని కాదు. తను నన్ను చూసి కుళ్ళుకుంటుందని. నేనింకా తోటకూరని చూస్తున్నాను కదా.

నమోదు 9

ఇవాళ విచారణ రోజు. కాగితాలు అడగడానికి వచ్చినవాళ్ళని మెట్ల దగ్గర నుంచి హాల్లోకి తీసుకెళ్ళడం నా వంతు.

చింతలగెడ్డ కాలనీ నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. పేరు నరసాయమ్మ. నా చెయ్యి పట్టుకోగానే వేళ్ళు తడిమి చూసింది.

"ఏ గుంటవే నువ్వు? సేతులు ఇంత సల్లగున్నాయి?"

"రీడర్నండీ."

"అండి గిండి ఒగ్గీ. పేరేటి?"

"ఈషిత."

"ఈసిత! మీ అమ్మ ఇంగిలీసు బడికి పంపినట్టుందే నిన్ను."

"మీకెలా తెలుసు?"

"'మీకెలా తెలుసూ' అని రాగం తీసినావు సూడు, అలగే తెలిసింది." పకపకా నవ్వింది. పళ్ళు కొన్నే ఉన్నాయి.

బెంచీ మీద కూర్చోబెట్టాక తన సంగతి తనే చెప్పుకొచ్చింది. వాళ్ళ కాలనీ పక్కన ఒకప్పుడు మందుల కంపెనీ ఉండేదట. మూసేసి పోతూ పీపాలకి పీపాలు భూమిలో పాతేసిందట. ఎక్కడ పాతిందో గుర్తున్నవాళ్ళెవరూ మిగల్లేదు. ఆ కంపెనీ మీద సర్కారు రాసుకున్న ఫైళ్ళలో మాత్రం ఉంటుంది.

"పాత నూతి నీళ్ళు తాగి మా కోడలికి రెండు కాన్పులు పోయినాయి. పెద్ద డాక్టరమ్మ నీళ్ళ వల్లే అన్నాది. ఇప్పుడు మల్లీ నీళ్ళోసుకుంది. కొత్త నుయ్యి తవ్వాలి. ఎక్కడ తవ్వాలే? పలుగేసిన కాడల్లా పీపా తగిల్తే? మూడేళ్ళ బట్టి తిరుగుతున్నాను మీ ఆఫీసు సుట్టూ. ఎల్లినప్పుడల్లా 'మొయ్యలేని బారం, మొయ్యలేని బారం'. నా కోడలు మోసీది మాత్రం పూలబుట్టేటి?"

నేను బెంచీ అంచు గోళ్ళతో గీరాను.

"నీ కళ్ళు బాగున్నాయే?" అని అడిగింది.

"ఆఁ. బావున్నాయి."

నాయుడు గారు గొంతు సవరించుకుని తీర్పు చెప్పారు. మందుల కంపెనీ ఫైళ్ళు, నలభై కట్టలు, అన్నీ ఇంగ్లీష్. ఇదివరకటి అంచనా ప్రకారం పదకొండు మంది రీడర్ల మొత్తం చూపంత అరుగుతుంది, కాబట్టి మోయలేని భారం. ఇప్పటి అంచనా ప్రకారం మోయదగ్గ భారం. తెరుస్తున్నాం.

హాల్లో చింతలగెడ్డ వాళ్ళందరూ చేతులెత్తి అరిచారు. నరసాయమ్మ మాత్రం లేచి, "ఒక్క మాట బాబూ. ఇన్నాళ్ళూ మొయ్యలేనిది ఇయ్యాల తేలికైపోయిందేటి?" అని అడిగింది.

"లెక్క మారిందమ్మా" అన్నారాయన. ఆ గొంతులో సంతోషం నిజమే. చాలా రోజులకి ఒక మనిషికి సరే అని చెప్పిన సంతోషం.

"నాకు కావలసింది ఆ పీపాలెక్కడున్నాయో అంతే కదా, దానికి నలబై కట్టలూ ఎందుకు?"

"ఒక పేజీ తీసి చదివితే ఎవరికి కావలసిన పేజీ వాళ్ళు తీయించుకుంటారమ్మా. ఇదివరకు అలాగే జరిగింది, పలుకుబడి ఉన్నవాళ్ళవే తెరుచుకున్నాయి. అందుకే తెరిస్తే మొత్తం తెరవాలి, లేకపోతే మొత్తం మూసెయ్యాలి."

ఆవిడ కూర్చుంది. "అలగైతే అలగే" అంది. నా చెయ్యి వెతుక్కుని గట్టిగా నొక్కింది. "దీవిస్తాదే మా కోడలు మిమ్మల్ని."

నమోదు 10

ఇంగ్లీష్ కట్టలంటే కిన్నెర ఒక్కతికే సాధ్యం కాదని నాకు నిన్ననే అర్థమై ఉండాల్సింది.

పొద్దున్న మేడమ్ నా దీపం దగ్గరికి వచ్చి, దోసెడు శనగలు నా ఒళ్ళో పోశారు. "ఇన్నాళ్ళూ వీటితో కొట్టాను. ఇవాళ తిను" అన్నారు. "నాయుడు గారికి నేనే చెప్పాను. మా ఈషిత తెలుగుకి నత్త కానీ, ఇంగ్లీష్ ఇస్తే గుర్రం అని. నీకు మంచి పూటలే వేయించాను, పొద్దున్న పూట ఒక్కటే. వెనక గది కాదులే, భయపడకు. నువ్వు సున్నా కాదు కదా."

"నాకు... ఇంగ్లీష్ మర్చిపోయినట్టుంది మేడమ్."

"నాటకాలా? నిద్రలో కూడా ఇంగ్లీషే మాట్లాడుతుందని మీ అమ్మ ఊరంతా చెప్పుకుంటుంది."

ఆవిడ నా తల నిమిరారు. నా మేలు కోరే చేశారు. ఇప్పుడిక ఒత్తుల వెనక దాక్కోవడానికి లేదు.

నమోదు 12

ఇంగ్లీష్ కట్టలు కార్బన్ కాపీలు. పల్చటి కాగితం, ఊదారంగు అక్షరాలు, ఒకదాని మీద ఒకటి పడుకున్నట్టుంటాయి. ఇంగ్లీష్‌లో చదివి, వెంటనే తెలుగులోనూ పెట్టెకి చెప్పాలి.

మొదటి రోజు గడిచిపోయింది. రెండో రోజుకి ఒక కిటుకు దొరికింది. సర్కారు ఇంగ్లీష్ అంతా ఒకేలా ఉంటుంది. లైను మొదట్లో రెండు మాటలు కనపడితే చాలు, మిగతాది ఏముంటుందో తెలిసిపోతుంది. ఇన్‌స్పెక్టర్ వచ్చాడు, చూశాడు, గోతిలో సున్నం చల్లారు, మట్టి కప్పారు, సంతృప్తికరం. ప్రతి పేజీలోనూ అదే. కాబట్టి కనపడని చోట ఆగడం మానేశాను. నోటికొచ్చింది చదివేస్తూ పోయాను. గుర్రంలా.

"అదీ!" అన్నారు మేడమ్.

పీపాల పేజీ ఇవాళ వచ్చింది. ఎన్ని పీపాలో కనపడింది. ఎక్కడ పాతారో ఆ లైన్లు మాత్రం తడి తగిలి చెదిరి ఉన్నాయి. ముందు పేజీల్లో పనికిరానివన్నీ ప్రహరీ గోడ వెనక వేశామనే ఉంది. ఇక్కడా అదే ఉంటుంది అనుకున్నాను. అనుకునేలోపే నా నోరు 'ప్రహరీ గోడ వెనక' అని చదివేసింది.

ఆగి, దగ్గరగా పెట్టుకుని, ఒక్కో అక్షరం చూస్తే తెలిసేదేమో. ఆగితే పెట్టెకి తెలిసిపోతుంది.

ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, మా ఆఫీసు ఎందుకు పుట్టిందో. పెట్టె కనపడని చోట అల్లేస్తుందని.

నమోదు 13

ఎల్లుండి విచారణలో పీపాల పేజీ వినిపిస్తారు. చింతలగెడ్డ వాళ్ళు అప్పుడే ఊరి వాగైన గెడ్డ పక్క పల్లంలో నూతి చోటుకి గుర్తుగా ముగ్గేశారట. ప్రహరీ గోడకీ ఆ పల్లానికీ చాలా దూరం. నా గొంతు విని, అక్కడ ఏమీ లేదని ధైర్యంగా తవ్వేస్తారు.

మళ్ళీ ఆ పేజీ తీసి చూద్దామని వెళ్ళాను. చదివిన కట్టలన్నీ కట్టి సీలు వేసేశారు.

చెప్తే వెనక గది. కిన్నెరకి ఇవాళ అక్షరాల అంచులు మాత్రమే తెలుస్తున్నాయట. వరుస తప్పుతుందని వేలు పెట్టి చదువుతోందట. నాతో చెప్పి నవ్వింది. "చిన్నపిల్లలా అయిపోయానే" అంది.

చెప్పకపోతే ఎవరికీ తెలీదు. అది నాకు బాగా తెలుసు. చూసేవాళ్ళెవరూ లేరు కదా.



నమోదు 15

జరిగింది జరిగినట్టు రాస్తాను. అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను.

హాలు నిండిపోయింది. నరసాయమ్మ కోడలు కూడా వచ్చింది. పేరు రాజులమ్మ. మెట్ల దగ్గర నా భుజం పట్టుకుంది. నా కంటే ఐదారేళ్ళు పెద్దదై ఉంటుంది, అంతే. ఇంకా కళ్ళున్నాయి తనకి, కానీ అక్షరాలు రావు. నన్ను చూసి నవ్వి, "నువ్వేనా మా కాయితాలు సదివిన అమ్మాయివి?" అంది. పొట్ట మీద చెయ్యి వేసుకుని కూర్చుంది.

నాయుడు గారు పెట్టె తిప్పారు. నా గొంతు వచ్చింది. ఎంత ధీమాగా ఉందో. ఎక్కడా తడబాటు లేదు. పీపాలు ఇన్ని, సున్నం ఇంత. ప్రహరీ గోడ వెనక.

"అమ్మయ్య!" అన్నారెవరో. "అయితే పల్లంలో తవ్వుకోవచ్చు."

"రేపే పలుగేద్దాం" అంది నరసాయమ్మ.

నేను లేచానని నాకు తర్వాత తెలిసింది. "అది నాకు కనపడలేదు" అన్నాను.

ఎవరూ వినలేదు. ఇంకోసారి అరిచాను. "ఆ పేజీ నాకు కనపడలేదు! నేను అల్లేశాను!"



"ఏమిటమ్మా?" అన్నారు నాయుడు గారు.

"నాకు పొర వచ్చింది సార్. రెండు వారాలైంది. వెనక గదికి పంపేస్తారని చెప్పలేదు. పీపాలు ఎక్కడున్నాయో నాకు తెలీదు. తవ్వొద్దని చెప్పండి."

మేడమ్ చేతిలోంచి శనగలు నేల మీద పడ్డాయి. "రెండు వారాల నుంచా?" అన్నారు. "నీకు ఒత్తులు రావని శనగలతో కొట్టాను కదే."

నాయుడు గారు నుదురు పట్టుకుని కూర్చున్నారు. నరసాయమ్మ తాడు పట్టుకుని ముందుకు వచ్చింది.

"వెనక గది ఏటి బాబూ?"

ఆయన చెప్పారు. దాచలేదు. పొర మొదలైన పిల్లల చూపు ఖర్చుకి సున్నా అని వేశామనీ, అందుకే మీ కట్టలు మోయదగ్గవయ్యాయనీ. అంతా చెప్పారు.

"సున్నా" అంది నరసాయమ్మ. "గుంటల కళ్ళు సున్నా."

"మీకోసమేనమ్మా. మూడేళ్ళు తిరిగారు కదా."

"తిరిగినాను. ఇంకో మూడేళ్ళు తిరుగుతాను. గుంటల కళ్ళు పీకి ఇమ్మని నానడిగినానా?" ఆవిడ గొంతు హాలు చివరిదాకా వెళ్ళింది. "నాకు నలబై కట్టలొద్దు. ఎనక్కి తీసీసుకుంటున్నాను నా అర్జీ."

"తీసుకుంటే మొత్తం మూసెయ్యాలి. పీపాల పేజీ కూడా" అన్నారాయన.

అప్పుడు రాజులమ్మ ఏడవడం మొదలుపెట్టింది. గట్టిగా కాదు. ఊపిరి సరిగా అందనట్టు.

నాకేమైందో తెలీదు. "ఇంకా మూసెయ్యలేదు కదా సార్" అన్నాను. "ఇంకా తెరిచే ఉంది. ఆ పేజీ ఇవ్వండి. ఈసారి నెమ్మదిగా చూస్తాను."

"కుదరదమ్మా. ఒకసారి ఎక్కిన పేజీ పెట్టె మళ్ళీ తీసుకోదు."

"మీ పెట్టెలోకి ఎల్లక్కర్లేదు. మా సెవుల్లోకి ఎల్తే సాలు" అంది నరసాయమ్మ. వెంటనే నా వైపు తిరిగింది. "కానీ నువ్వొద్దే గుంటా. ఇంకెవులైనా నేరా?"

"ఇంగ్లీష్ వచ్చింది ఇద్దరికే. రెండోది కిన్నెర. తనకి అంచులే కనపడుతున్నాయి."

 నాయుడు గారు లేచి, తనే గోడ వెంట నడుచుకుంటూ వెళ్ళి, ఆ కట్ట తెచ్చారు. సీలు ఆయనే తెంపారు.

వెనక గది నుంచి పెద్ద దీపం తెప్పించమన్నాను. కిన్నెర మోసుకొచ్చి నా పక్కన పట్టుకుంది. దాని వేడికి కనురెప్పలు చుర్రుమన్నాయి. నేను కుడి కన్ను అరచేత్తో మూసుకున్నాను. ఎడమదే బాగా పాడైంది. ఎలాగూ పోయేదే, దాంతోనే చదువుదాం, కుడిది మిగుల్చుకుందాం అనుకున్నాను. అనుకున్నాక తెలిసింది, అది నాయుడు గారి లెక్కే అని. నా ఒంటి మీద నేనే వేసుకున్నాను.

ఒక్కో అక్షరం చదివాను. మాట అయ్యాక మాట చెప్పాను. తప్పు చదివాననిపిస్తే, తప్పు, మళ్ళీ చూస్తున్నా అన్నాను. కనపడకపోతే కనపడలేదు అన్నాను. ఎవరూ శనగలు విసరలేదు. దీపం పొగకి ఎవరో దగ్గారు, చంటిపిల్లెవరో ఏడిస్తే బయటికి తీసుకెళ్ళారు. మధ్యలో కళ్ళు మూసుకోవాల్సి వచ్చినప్పుడు కిన్నెర చీర చెంగు తడిపి అద్దింది. మధ్యాహ్నం అంతా రెండు పేరాలకే అయిపోయింది.

గోతిలో నీరూరడం వల్ల ప్రహరీ గోడ వెనక పాతడం కుదరలేదు. కల్వర్టు దాటాక, గెడ్డకి ఇవతలి పల్లంలో పాతారు.

తెలుగులో చెప్పాను. ముగ్గేసిన చోటే.

రాజులమ్మ వచ్చి నా పాదాల దగ్గర కూర్చుంది.  నరసాయమ్మ తన వాళ్ళని లెమ్మంది. "పదండి. ముగ్గు సెరిపీయాలి" అంది. వెళ్తూ నా ముఖాన్ని రెండు చేతులతో తడిమి చూసింది, నుదుటి నుంచి గడ్డం దాకా, గుర్తుపెట్టుకుంటున్నట్టు.

ఇంటికి కిన్నెరా నేనూ ఒకే తాడు పట్టుకుని నడిచాం.

అమ్మకి కబురు అప్పటికే చేరింది. కంచం ముందు కూర్చోబెట్టి, "పది రోజుల్నుంచీ గిన్నె అంచు తడిమి కూర వడ్డించుకుంటున్నావు. చప్పుడు మారింది. వింటూనే ఉన్నాను" అంది.

"మరి అడగలేదేం?"

"నువ్వు చెప్పేదాకా ఆగుదామనుకున్నాను. నేనడిగితే అబద్ధం చెప్పేదానివి. ఆ పాపం కూడా నీకెందుకు?"

నా తల తన ఒళ్ళోకి లాక్కుంది. నేను చిన్నపిల్లలా ఏడ్చాను. కళ్ళు మండుతూనే ఉన్నాయి.

నమోదు 16

కుడి కంటితో రాస్తున్నాను.

పొద్దున్నే నాయుడు గారు మా ఇంటికొచ్చారు. ఒక్కరే, చేతికర్రతో, భుజానికి చిన్న పెట్టె తగిలించుకుని. అమ్మ మంచం వాల్చి టీ పెట్టింది. ఆయన టీ ముట్టుకోలేదు.

"రాత్రి నిద్ర పట్టలేదు" అన్నారు. "నిన్నటి పేజీకి ఖర్చు నమోదు చెయ్యాలి. నరసాయమ్మ అర్జీ రద్దు ఇంకా ఎక్కలేదు, కట్టలు తెరిచే ఉన్నాయి; ఈ ఖర్చు వేస్తే కానీ మిగతా వాటిని చదవమని వెనక గదికి ఆర్డర్ వెళ్ళదు. ఇన్నేళ్ళూ ఆ అంకె నేనే వేసేవాడిని. ఎవర్నీ అడగలేదు." గ్లాసు అటూ ఇటూ తిప్పారు. "ఎంతయిందమ్మా?"

"ఎడమది మొత్తం సార్. వెలుగొస్తే తెలుస్తోంది, అంతే."

అమ్మ పొయ్యి దగ్గర ఏదో కలుపుతోంది. ఆ చప్పుడు ఆగిపోయింది.

 ఆయన పెట్టె ఒళ్ళో పెట్టుకుని మీట నొక్కారు. "చింతలగెడ్డ. ఒక పేజీ. అరుగుదల, మొత్తం" అన్నారు.

"సంఖ్య చెప్పండి" అంది పెట్టె.

"మొత్తం."

"సంఖ్య చెప్పండి. సంఖ్య లేనిదే ఫైలు ముందుకు కదలదు. తెరిచి ఉన్న కట్టల పని ఆగిపోతుంది."

నాయుడు గారు నా వైపు తిరిగారు. నేనెక్కడ కూర్చున్నానో ఆయనకి కచ్చితంగా తెలుసు. నా దగ్గర అంకె ఏదీ లేదు. 

"సంఖ్య అందలేదు" అంది పెట్టె. "సున్నా అని నమోదు చెయ్యమంటారా?"

"వద్దు" అన్నారు నాయుడు గారు.

పెట్టె మళ్ళీ అడిగింది.

"వద్దు."